వంటింట్లో ప్రయోగం.. ఫోన్లో నాన్న

శుక్రవారం వీడియో కాల్‌ను సైన్స్ పాఠంగా మార్చుకున్న ఫరీజ్ బిన్ మహమూద్ తెలుగువాళ్ళ అనుభవం

"తిన్నావా?"
"తిన్నా."
"బాగా చదువుతున్నావా?"
"ఆఁ."
"సరే, అమ్మకివ్వు."

గల్ఫ్‌లో ఉన్న తండ్రికీ, ఊళ్ళో ఉన్న బిడ్డకీ మధ్య చాలా ఇళ్ళల్లో జరిగే సంభాషణ ఇంతే. ఫోన్ కార్డు గీక్కుని నిమిషాలు లెక్కబెట్టుకున్న రోజుల్లో అంతకంటే ఎక్కువ మాట్లాడే వీలుండేది కాదు. ఇప్పుడు ముఖం చూస్తూ గంటసేపు మాట్లాడొచ్చు. అయినా మాట మాత్రం పెరగలేదు. పిల్లలకు మన మీద ప్రేమ లేకపోవడం దీనికి కారణం కాదు. వాళ్ళూ మనమూ కలిసి చేసే పని ఒక్కటీ లేదు. కలిసి చేసే పని లేనప్పుడు మాటలెక్కడి నుంచి వస్తాయి?

మేముండేది దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్‌లో. 2019లో గోల్డ్ లైన్ మెట్రో వచ్చాక బిన్ మహమూద్ పేరుతో స్టేషన్ కూడా వచ్చింది, చాలామందికి తెలిసిన చోటే. కంపెనీ ఇచ్చిన ఫ్లాట్లో నలుగురం. ఇద్దరం సివిల్ డిప్లొమా చేసి సైట్లో సూపర్‌వైజర్లుగా ఉన్నవాళ్ళం, ఒకరు ఎలక్ట్రికల్ ఫోర్‌మన్, ఇంకొకరు స్టోర్ చూసే అన్న. నలుగురి పిల్లలూ ఇండియాలోనే. కింది అంతస్తులో మాత్రం ఒక తెలుగు కుటుంబం ఉంది. వాళ్ళ ఇద్దరు పిల్లలకు మేమందరం బాబాయిలమే.

సెలవు రోజున ఆ పిల్లలతో సరదాగా మొదలుపెట్టిన చిన్న చిన్న ప్రయోగాలు ఇప్పుడు మా నలుగురి ఇళ్ళకూ పాకాయి. ఇక్కడ సాయంత్రం అయిదంటే ఇండియాలో ఏడున్నర. అమ్మ వంట చేస్తుంటుంది, పిల్లలు ఖాళీగా ఉంటారు. ఆ వేళకి మా వంటగదిలో ఒక ఫోను, వాళ్ళ వంటగదిలో ఒక ఫోను నిలబెడతాం. రెండు చోట్లా అదే సామాను, అదే ప్రయోగం.

మేం పెట్టుకున్న నియమాలు మూడే. మొదటిది, సామాను ఇంట్లోనో, ఇక్కడైతే బకాలాలోనో, ఊళ్ళో అయితే కిరాణా కొట్లోనో దొరకాలి. రెండోది, ప్రయోగం చేసే ముందు ఏమవుతుందో పిల్లలు ఊహించి చెప్పాలి. మూడోది అన్నిటికన్నా కష్టమైంది. జవాబు తెలిసినా తండ్రి ముందుగా చెప్పకూడదు.

పసుపు కాగితం చెప్పే నిజం

మొదటి ప్రయోగానికి పసుపు చాలు. ఒక చెంచా పసుపును కొద్ది నీళ్ళలో చిక్కగా కలిపి, తెల్ల కాగితానికి రెండు వైపులా పూసి, నీడలో ఆరబెట్టండి. ఆరాక వేలెడంత ముక్కలుగా కత్తిరించుకోండి. ఇప్పుడు ఒక్కో ముక్క మీద ఒక్కో చుక్క వెయ్యాలి. నిమ్మరసం, చింతపండు పులుసు, మజ్జిగ, సబ్బు నీళ్ళు, వంట సోడా కలిపిన నీళ్ళు.

నిమ్మకాయకీ చింతపండుకీ మజ్జిగకీ పసుపు రంగు మారదు. సబ్బు నీళ్ళు పడగానే ఎర్రబడుతుంది. ఆ ఎర్రటి మచ్చ మీద మళ్ళీ నిమ్మరసం పిండితే పసుపు తిరిగొస్తుంది. మా స్టోర్ అన్న వాళ్ళ అబ్బాయి దాన్ని చూసి కాగితాలన్నీ అయిపోయేదాకా ఫోన్ పెట్టనివ్వలేదు.

పసుపులో ఉండే కుర్‌కుమిన్ అనే పదార్థం పుల్లటి వాటిలో, మామూలు నీళ్ళలో పసుప్పచ్చగా ఉంటుంది. క్షారం తగిలితే ఎర్రబడుతుంది. ఇది మన ఆడవాళ్ళకి ఎప్పట్నుంచో తెలిసిన సంగతే. పెళ్ళిలో కాళ్ళకు పెట్టే పారాణి పసుపూ సున్నమూ కలిపిందే కదా! దిష్టి తీసే ఎర్రనీళ్ళూ అవే. బిడ్డకి ప్రయోగం చూపించి, తర్వాత నాయనమ్మను అడగమనండి. ల్యాబ్‌లో దొరికే లిట్మస్ కాగితానికి అన్నలాంటిది మన పోపుల పెట్టెలోనే ఉందని వాళ్ళకే తెలుస్తుంది.

మా కథ అక్కడితో ఆగలేదు. మా ఫోర్‌మన్ వాళ్ళ పాపకు తొమ్మిదేళ్ళు. స్క్రీన్ మీద మా చేతులు చూసి, "బాబాయ్, మీ చేతులెందుకు అట్లా పగిలిపోయినయ్?" అని అడిగింది. సిమెంటు అని చెప్పాం. "సిమెంటు నిమ్మకాయలాంటిదా, సబ్బులాంటిదా?" అని ఇంకో ప్రశ్న.

మర్నాడు సైట్ నుంచి చిటికెడు సిమెంటు తెచ్చి, గ్లవ్స్ వేసుకుని నీళ్ళలో కలిపి, పైన తేరిన నీటిలో పసుపు కాగితం ముంచి పాపకు చూపించాం. రక్తంలా ఎర్రబడింది. తడి సిమెంటు పీహెచ్ 12 దాటి ఉంటుంది, అంటే చాలా గట్టి క్షారం. ముట్టుకున్న వెంటనే మంట పుట్టకపోయినా, బూట్లలోకో గ్లవ్స్‌లోకో చేరి గంటల తరబడి ఉంటే చర్మాన్ని కాల్చేస్తుంది.

ఆ కాగితాన్ని తీసుకెళ్ళి పొద్దున్నే సైట్లో టూల్‌బాక్స్ మీటింగ్‌లో కుర్రాళ్ళకు చూపించాం. గ్లవ్స్ వేసుకోండి, సిమెంటు పడితే వెంటనే మంచినీళ్ళతో కడుక్కోండి అని రోజూ చెప్పే మాటే. ఆరోజు మాత్రం అందరూ ముందుకొచ్చి కాగితాన్ని చూశారు. తొమ్మిదేళ్ళ పిల్ల అడిగిన ప్రశ్న అక్కడిదాకా వచ్చింది.

ఒక్క జాగ్రత్త: సున్నం, సిమెంటు పిల్లల చేతికి ఇవ్వొద్దు. కళ్ళలో పడితే చాలా ప్రమాదం. పెద్దవాళ్ళు చేసి చూపించాలి, అంతే.

నాన్న పని ఏమిటో చూపించే పైపు

"మీ నాన్న ఏం చేస్తాడు?" అంటే మన పిల్లల్లో చాలామంది "దుబాయ్‌లో ఉంటాడు" అంటారు. ఖతార్ అయినా కువైట్ అయినా వాళ్ళకు అంతా దుబాయే. పనేమిటో తెలీదు. మన పనిముట్లతోనే ప్రయోగాలు చేయిస్తే పనీ తెలుస్తుంది, సైన్సూ తెలుస్తుంది.

లెవెల్ పైపు తెలియని మేస్త్రీ లేడు. హార్డ్‌వేర్ షాపులో నాలుగైదు మీటర్ల సన్నటి పారదర్శకపు పైపు కొనిపించండి. దాన్లో నీళ్ళు నింపి, బుడగలు లేకుండా చూసి, రెండు చివర్లనూ ఇద్దరు పిల్లలు పైకి పట్టుకోవాలి. ఒకరు గది ఈ మూల, ఇంకొకరు ఆ మూల. నీళ్ళు కదలడం ఆగాక రెండు వైపులా నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టాలి. ఆ రెండు గీతలూ ఒకే ఎత్తు. పైపు మధ్యలో కిందికి వేలాడినా, మంచం చుట్టూ తిరిగి వచ్చినా తేడా రాదు. ఒకే ద్రవం, రెండు చివర్లా ఒకే గాలి ఒత్తిడి ఉన్నప్పుడు మట్టం సమానంగా నిలవాల్సిందే.

ఇప్పుడు ఆ గీతల నుంచి కిందికి, నేల వరకూ టేపు పెట్టి కొలవమనండి. రెండు కొలతలూ సమానంగా రాకపోతే నేల వాలుగా ఉన్నట్టు. మా వాడొకడు వాళ్ళ ఇంటి వరండా రెండున్నర సెంటీమీటర్లు వాలుందని కనిపెట్టి, వాన నీళ్ళు ఆ మూలకే ఎందుకు చేరతాయో వాళ్ళ తాతకు వివరించాడట! లేజర్ లెవెల్స్ వచ్చిన ఈ రోజుల్లోనూ నీళ్ళ పైపు అబద్ధం చెప్పదు.

ఇక గుండు దారం. ఒక మీటరు దారానికి తాళం చెవుల గుత్తి కట్టి, మేకుకు వేలాడదీసి మెల్లగా ఊపండి. పోయి వచ్చింది ఒకటి అని లెక్క. నిమిషానికి ముప్పై వస్తాయి. తాళాల బదులు ఉల్లిగడ్డ కట్టినా, రాయి కట్టినా ముప్పై దగ్గరే. దారాన్ని పాతిక సెంటీమీటర్లకు, అంటే నాలుగో వంతుకు తగ్గించండి. పిల్లల్ని ఊహించమంటే నూటఇరవై అంటారు. వచ్చేది అరవై. ఎందుకో వాళ్ళే బుర్ర గోక్కోవాలి. దారం పొడవును గుండు కిందనుంచి కాకుండా దాని మధ్యభాగం వరకూ కొలవాలని మర్చిపోవద్దు. దోహాలో ముప్పై, జగిత్యాలలో ముప్పై. మనమూ మన పిల్లలూ ఒకే భూమి మీద ఉన్నామనడానికి ఇదొక సాక్ష్యం.

తడిగుడ్డా, మన ప్రాణమూ

రెండు ఒకేలాంటి నీళ్ళ సీసాలు తీసుకోండి. ఒకదానికి తడి నూలు గుడ్డ చుట్టండి. రెంటినీ అరగంట ఫ్యాను కింద ఉంచి ముట్టుకు చూడండి. గుడ్డ చుట్టిన సీసా చల్లబడి ఉంటుంది. నీరు ఆవిరయ్యేటప్పుడు సీసాలోని వేడిని లాక్కుని పోతుంది. కుండలో నీళ్ళు చల్లబడేదీ, చెమట పడితే ఒళ్ళు చల్లబడేదీ ఇందుకే.

ఇదే ప్రయోగాన్ని ఊళ్ళో ఏప్రిల్ ఎండల్లో ఒకసారి, దోహాలో ఆగస్టు ఉక్కలో ఒకసారి ఏసీ లేని చోట చేసి పోల్చాలి. ఊళ్ళో సీసా బాగా చల్లబడుతుంది. ఇక్కడ ఆగస్టు, సెప్టెంబరుల్లో సముద్రం మీది నుంచి తేమ గాలి కమ్ముకున్న రోజున పెద్దగా చల్లబడదు. గాలి అప్పటికే తేమతో నిండిపోయి ఉంది, గుడ్డలో నీటిని తీసుకోలేదు. మన ఒంటి మీద చెమటకూ అదే గతి. చెమట కారుతుంది కానీ ఆరదు, ఆరకపోతే ఒంట్లో వేడి బయటికి పోదు. అందుకే పొడిగాలిలో 45 డిగ్రీల కన్నా తేమగాలిలో 38 డిగ్రీలే ఎక్కువ ప్రాణాంతకం కావొచ్చు.

ఈ ప్రయోగానికీ మన డ్యూటీ టైముకూ నేరుగా సంబంధం ఉంది. ఖతార్‌లో 2021 నుంచి ఉన్న నిబంధన ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఎండలో బయట పని చేయించకూడదు. అంతేకాదు, వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ అనే కొలత 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళయినా పని ఆపాలి. సైట్లో మూడు కాళ్ళ స్టాండు మీద నల్ల బంతితో ఉండే మీటరు కొలిచేది దాన్నే. అందులో పది పాళ్ళలో ఏడు పాళ్ళు తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్‌దే. రెండు పాళ్ళు ఎండకు వేడెక్కే నల్ల గోళానిది. మామూలు గాలి వేడికి మిగిలేది ఒక్క పాలు. అంటే ఆ మీటరు ప్రధానంగా అడిగేది 'చెమట ఆరుతుందా లేదా' అనే. ఫోన్లో కనిపించే ఉష్ణోగ్రత చూసి "ఇవాళ నలభై కూడా లేదు కదా" అనుకునే తమ్ముళ్ళు ఈ సీసా ప్రయోగం ఒకసారి చెయ్యండి.

మా ఇళ్ళల్లో పిల్లలకు ఈ లెక్క వచ్చేసింది. "తిన్నావా" అని మేం అడిగేలోపే "నాన్నా, ఇవాళ మీ దగ్గర తేమ ఎంత?" అని వాళ్ళే అడుగుతున్నారు.

ఉప్పు నీళ్ళ నుంచి మంచినీళ్ళు

నది ఒక్కటి కూడా లేని దేశంలో ఇన్ని లక్షల మందికి కుళాయి నీళ్ళు ఎక్కడివి అని పిల్లలు అడగడం సహజం. సముద్రపు నీటిలో ఉప్పు తీసేసి ఇస్తున్నవే చాలా వరకు. దాని చిన్న నమూనా మేడ మీద చెయ్యొచ్చు.

పెద్ద బేసిన్‌లో రెండు వేళ్ళ లోతున నీళ్ళు పోసి, గుప్పెడు ఉప్పు, చిటికెడు పసుపు కలపండి. మధ్యలో ఖాళీ స్టీలు గ్లాసు పెట్టండి. దాని అంచు నీళ్ళకు పైన, బేసిన్ అంచుకు కింద ఉండాలి. పైన పల్చటి ప్లాస్టిక్ షీటు కప్పి, చుట్టూ గాలి పోకుండా తాడుతో బిగించండి. షీటు మీద సరిగ్గా గ్లాసు పైన చిన్న రాయి పెడితే అక్కడ కాస్త కుంగుతుంది. మూడు నాలుగు గంటలు ఎండలో వదిలేస్తే ఆవిరి షీటుకు తగిలి చల్లబడి, చుక్కలుగా జారి గ్లాసులో పడుతుంది. ఆ నీళ్ళలో పసుపు రంగు ఉండదు, ఉప్పదనమూ ఉండదు. సామాను శుభ్రంగా ఉంటే ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడొచ్చు.

గ్లాసు అడుగున నాలుగు చెంచాలు కూడా రావు. అందుకు ఎంత ఎండ, ఎంత సమయం పట్టిందో చూసిన పిల్లలు కుళాయి కట్టెయ్యకుండా వదిలిపెట్టరు.

పుస్తకం చెప్పినా సరే, చేసి చూడాల్సిందే

పళ్ళెంలో రంగు నీళ్ళు, మధ్యలో వెలుగుతున్న కొవ్వొత్తి, పైన బోర్లించిన గాజు గ్లాసు. కొవ్వొత్తి ఆరిపోతుంది, నీళ్ళు గ్లాసులోకి ఎక్కుతాయి. ఎందుకు? "ఆక్సిజన్ ఖర్చయిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్ళు ఎక్కాయి" అని చాలా పుస్తకాల్లో ఉంటుంది. కింది అంతస్తు పిల్లవాడు ఏడో తరగతి. వాడూ అదే చెప్పాడు.

"అయితే నీళ్ళు ఎప్పుడు ఎక్కుతున్నాయో సరిగ్గా చూడు" అన్నాం. మంట వెలుగుతున్నప్పుడు అంతగా ఎక్కవు. ఆరిపోయాకే గబగబా ఎక్కుతాయి. ఆక్సిజన్ ఖర్చే కారణమైతే వెలుగుతున్నంతసేపూ ఎక్కాలి కదా? తర్వాత ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులు పెట్టాం. గ్లాసు అదే, గాలి అంతే. కానీ నీళ్ళు ఇంకా ఎత్తుకు ఎక్కాయి. వాడే ఆలోచించి చెప్పాడు: "బాబాయ్, వేడి! గాలి వేడికి ఉబ్బి కొంత బయటికి పోయింది, చల్లారాక ముడుచుకుంది." గ్లాసు అంచు నుంచి మొదట్లో బుడగలు బయటికి పోవడం అప్పుడు వాడి కంటపడింది. మంట కొంత ఆక్సిజన్ వాడుకునే మాట నిజమే, కానీ అంతా అయిపోకముందే ఆరిపోతుంది, బదులుగా బొగ్గుపులుసు వాయువునూ నీటి ఆవిరినీ వదులుతుంది. నీళ్ళను ఎక్కించేది ముఖ్యంగా వేడి గాలి చల్లారడమే.

కొవ్వొత్తి అంటే మైకేల్ ఫారడే గుర్తుకు రావాలి. ఆయన కమ్మరి కొడుకు. పద్నాలుగేళ్ళకు లండన్‌లో పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పనికి కుదిరాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలు చదివి, చేతికొచ్చిన సామానుతో ప్రయోగాలు చేసి, చివరికి ప్రపంచానికి కరెంటు మోటారు సూత్రం చూపించాడు. పిల్లల కోసం ఒక్క కొవ్వొత్తి మీదే 1848లోనూ, మళ్ళీ 1860లోనూ వరుసగా ఉపన్యాసాలిచ్చాడు. పని చేసుకునే వాళ్ళకు సైన్స్ ఎందుకని ఎవరైనా అంటే ఆయన పేరు చెప్పండి.

మన దగ్గరా దారి చూపిన వాళ్ళున్నారు. 1988 నుంచి జన విజ్ఞాన వేదిక ఊరూరా పిల్లల దగ్గరికి సైన్స్ తీసుకెళుతోంది. 'చెకుముకి' పత్రికా, ఆ పేరుతో జరిగే పోటీలూ గవర్నమెంటు బడుల్లో చదివిన చాలామందికి తెలుసు. కుప్పం దగ్గర 172 ఎకరాల్లో అగస్త్య ఫౌండేషన్ క్యాంపస్ ఉంది. 1999లో మొదలైన ఈ సంస్థ వ్యాన్లలో, బైకుల మీద కూడా ల్యాబు సామాను పెట్టుకుని పల్లెటూరి బడులకు పంపుతుంది. కాన్పూర్ ఐఐటీలో చదివిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో జ్యామితి నేర్పాడు. చెత్తలో పారేసే సామానుతో ఆయన చేసిన బొమ్మలకు లెక్కలేదు. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, తెలుగులోనూ ఉన్నాయి. ఫోన్లో డౌన్‌లోడ్ చేసి పిల్లలకు పంపండి.

దూరమే కొలబద్ద అయిన రోజు

అన్ని ప్రయోగాల్లోకీ మాకు బాగా నచ్చింది ఒకటుంది. అది పక్క గదిలో ఉన్న పిల్లలతో చేస్తే కుదరదు. తండ్రి ఇక్కడ, బిడ్డ అక్కడ ఉంటేనే కుదురుతుంది.

ఏడాదికి రెండుసార్లు హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో. ఆ నిమిషంలో నిటారుగా నిలబెట్టిన వస్తువుకు పక్కకు నీడ పడదు. దోహా కర్కట రేఖకు ఉత్తరాన ఉంది కాబట్టి ఇక్కడ సూర్యుడు ఎన్నడూ సరిగ్గా నెత్తి మీదికి రాడు. ఎంతో కొంత నీడ ఉంటుంది. ఆ నీడే మన ఆయుధం.

2025లో మే 9 శుక్రవారం పడింది. మాకు సెలవు, పిల్లలకు వేసవి సెలవులు. మా స్టోర్ అన్న పిల్లలు ఉండేది హైదరాబాద్ ఉప్పల్‌లో. మేడ మీద స్టీలు గ్లాసు బోర్లించి, దాని మీద ఇంకోటి పెట్టి కాచుకున్నారు. వాళ్ళ గడియారంలో 12.12కి, అంటే మా 9.42కి ఫోన్ మోగింది. "నాన్నా, నీడ లేదు! మొత్తం పోయింది!" వెనకాల వాళ్ళ అమ్మ కూడా చూసి నవ్వుతోంది.

ఇక మా వంతు. మీటరు పొడవున్న ఇనుప రాడ్‌ను మా బిల్డింగ్ మేడ మీద గుండు దారంతో సరిచూసి నిటారుగా నిలబెట్టాం. ఇక్కడ సూర్యుడు నడిమింటికి వచ్చే వేళ ఎట్లా తెలుసుకోవాలి? పేపర్లో వేసే జుహర్ నమాజు సమయం చూస్తే చాలు. సూర్యుడు నడిమిల్లు దాటగానే మొదలయ్యే నమాజు అది. ఆరోజు 11.30 ప్రాంతం. వీధులన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి. అటూ ఇటూ నాలుగైదుసార్లు నీడ కొలిచి, అన్నిట్లోకీ పొట్టిది తీసుకున్నాం. దాదాపు 14 సెంటీమీటర్లు.

పిల్లలు దాన్ని అయిదో వంతు సైజులో కాగితం మీద గీశారు. నిలువు గీత 20 సెంటీమీటర్లు, అడ్డ గీత 2.8. కొసలు కలిపి కోణమానిని పెడితే 8 డిగ్రీలు. తర్వాత అట్లాసు తీశారు. దోహా, హైదరాబాద్‌ల మధ్య విమానం పోయే దూరం ఇక్కడ పనికిరాదు. హైదరాబాద్‌కు దోహా ఎంత ఉత్తరాన ఉందో అదే కావాలి. స్కేలు పెట్టి కొలిస్తే సుమారు 875 కిలోమీటర్లు.

ఎనిమిది డిగ్రీలకు 875 కిలోమీటర్లు అయితే, చుట్టూ 360 డిగ్రీలకు ఎంత? 360ని 8తో భాగిస్తే 45. దాన్ని 875తో గుణిస్తే 39,375. ధ్రువాల మీదుగా భూమి అసలు చుట్టుకొలత 40,008 కిలోమీటర్లు. ఒక ఇనుప రాడ్డు, రెండు స్టీలు గ్లాసులు, ఒక అట్లాసు! తేడా నూటికి రెండు కూడా లేదు.

సుమారు 2,200 ఏళ్ళ కిందట ఎరటోస్తనీస్ అనే పండితుడు ఈజిప్టులో చేసింది ఇదే. దక్షిణాన సైనీ పట్నంలో, అంటే ఇప్పటి అస్వాన్‌లో నీడ లేని రోజున ఉత్తరాన అలెగ్జాండ్రియాలో నీడ కొలిచాడు. ఆయనకు వచ్చిన కోణం 7.2 డిగ్రీలు. మా కోణం దాదాపు ఆయన కోణమంతే! ఆ రెండు ఊళ్ళకు అప్పట్లో వీడియో కాల్ లేదు, అదొక్కటే తేడా.

ఇంకో సంగతి పిల్లలే పట్టుకున్నారు. వాళ్ళకు నడి మధ్యాహ్నం మా 9.42కి, మాకు 11.30కి. మధ్యలో 108 నిమిషాలు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు. 108ని 4తో భాగిస్తే 27. అట్లాసులో చూస్తే హైదరాబాద్ దోహాకు తూర్పున 27 డిగ్రీల దూరంలోనే ఉంది. "అంటే నాన్నా, మన ఇంటి మీద ఉన్న సూర్యుడే నూట ఎనిమిది నిమిషాలకు మీ మీదికి వస్తాడన్నమాట" అంది పెద్దమ్మాయి. స్టోర్ అన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇన్నేళ్ళూ ఈ దూరాన్ని రియాళ్ళలో లెక్క కట్టాం, సెలవు ఇంకెన్ని నెలలో అని లెక్క కట్టాం. దూరం తగ్గించడం మన చేతిలో లేదు. ఆ దూరంతోనే బిడ్డకు భూమిని కొలిచి చూపించడం మన చేతిలో ఉంది.

మీరూ మొదలుపెట్టండి

నీడ ప్రయోగానికి మీ ఊరి తేదీ చూసుకోవాలి. హైదరాబాద్‌కు దక్షిణాన ఉన్న ఊళ్ళకు మేలో కాస్త ముందు, ఆగస్టులో కాస్త తర్వాత వస్తుంది. కరీంనగర్, నిజామాబాద్ లాంటి ఉత్తరపు ఊళ్ళకు మేలో కొద్ది రోజుల తర్వాత, మళ్ళీ జులై ఆఖర్లో. ఆ రోజు మీకు డ్యూటీ ఉంటే ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, రెండు చోట్లా ఒకే రోజు నీడ కొలిచి, రెండు కోణాల తేడా తీసుకోవచ్చు. ఎండలో అయిదు నిమిషాలకు మించి నిలబడొద్దు. సూర్యుడి వైపు నేరుగా చూడొద్దని పిల్లలకు ముందే చెప్పండి. మంట, వేడి నీళ్ళు ఉన్నచోట అమ్మో తాతో పక్కన ఉండాలి. ఇంటి కరెంటుతో ప్రయోగాలు అసలే వద్దు.

పెద్ద చదువు లేదే అని వెనకాడకండి. మేస్త్రీ తమ్ముడికి మట్టం తెలుసు, ప్లంబర్‌కు ఒత్తిడి తెలుసు, వెల్డర్‌కు లోహం తెలుసు, వంట మనిషికి రసాయన శాస్త్రం సగం తెలుసు. తెలియని ప్రశ్న వస్తే "నాకూ తెలీదు, ఇద్దరం చూద్దాం" అనండి. పిల్లలకు ఆ మాట భలే ఇష్టం.

వచ్చే శుక్రవారానికి ఒక చెంచా పసుపు, ఒక తెల్ల కాగితం, ఒక నిమ్మకాయ, కాస్త సబ్బు సిద్ధం చేసుకోండి. ఇంటికి ముందే ఫోన్ చేసి అక్కడా అవే పెట్టించండి. "అమ్మకివ్వు" అని మీరు అనేలోపే "నాన్నా, వచ్చే వారం ఏం ప్రయోగం?" అని అటునుంచి ప్రశ్న రాకపోతే చూడండి!